గోడకు వీపు పెట్టి వేసిన లెక్క

ఆదివారం పొద్దున డైనింగ్ టేబుల్ తుడుస్తుంటే అంచు కింద అతుక్కుపోయిన రాగి టేపు ముక్క ఒకటి గుడ్డకు తగిలింది. చిటికెన వేలి గోరంత ముక్క. కొబ్బరినూనె రాసి, పాత స్పూనుతో మెల్లగా గీకడం మొదలుపెట్టాను. "ఇంకా పోలేదా ఆ రేకులు? ఇల్లో ల్యాబో తెలీకుండా చేసినావు గదా" అన్నాడు మా ఆయన పెంచలకృష్ణ, చదువుతున్న పేపరు దించకుండానే. ఆ తర్వాత వాళ్ళమ్మకు వినపడేట్టుగా, "నీ కోడలి యాంటెనాకు సముద్రం నడిమధ్యలో సిగ్నలొచ్చిందంట మా, నా కాఫీకి మాత్రం వంటింట్లోంచి హాల్లోకి రావడంలేదు" అన్నాడు. మా అత్తగారు ప్రమీలమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇలాంటి చోట్ల నవ్వడం నాకు పదకొండేళ్ళుగా అలవాటే. కాఫీ కలిపి ఇచ్చి వచ్చి మళ్ళీ గీకాను. ముక్క ఊడొచ్చింది. అరచేతిలో పెట్టుకుని చూశాను. ఆ ముక్క కోసం నాగులమ్మ ఒక ఆదివారం ఈ టేబుల్ కింద మోకాళ్ళ మీద పాకుతూ గంటసేపు వెతికింది. "రెండువేల మూడువందల నాలుగు ఉండాల గదమ్మా. మూడే ఉండాయి. ఒక కన్ను తక్కువైతే అది వలెట్టా అవుతాది?" అంది. పోనీలే అంటే వినకుండా ఇంకొకటి కత్తిరించి పెట్టి వెళ్ళింది.

నా పేరు భానుప్రియ. వెంకటాచలం దగ్గర హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. పీహెచ్‌డీ మొదలుపెట్టి ఆరేళ్ళయింది. మా ఇంట్లో దాన్ని "ఆ రాతకోతలు" అంటారు. సంగం ఊళ్ళో మా అత్తగారివాళ్ళకు వరి పొలాలున్నాయి. కోత రోజుల్లో పదిహేనుమందికి వండి గంపలకెత్తి పంపిన మనిషి కాబట్టి, కుర్చీలో కూర్చుని కంప్యూటర్ చూడటం మా అత్తగారికి పనిలా కనిపించదు. "ఉద్యోగం చేసే కోడలని చెప్పుకోను బాగానే ఉంటాది మే. అన్నం వేళకు అన్నం దిగాల గదా" అంటుంది. కాలేజీలోనూ పెద్ద తేడా లేదు. మా హెచ్.ఓ.డి. నరేంద్రబాబు గారు మీటింగు పెట్టినప్పుడల్లా తొమ్మిదిమంది మగవాళ్ళను దాటించి నా వైపే చూసి, "మేడం, ఆ టీ సంగతి కొంచెం..." అంటారు. నాకు జరిగినవి ఒక్కొక్కటీ తేదీలతో సహా గుర్తున్నాయి. ఎవరైనా అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పేదాన్ని. నేను చేసింది చెప్పడానికే ఇన్నాళ్ళు పట్టింది.

నాగులమ్మ మా డిపార్ట్‌మెంటులో ఊడ్చి తుడిచేది. కాంట్రాక్టు మనిషి. కాలేజీ బస్సు సముద్రం ఒడ్డున ఒక పాలెంలో మొదలవుతుంది, ఆ పాలెమే ఆమెది. పొద్దున్నే బస్సులో చివరి సీటులో కూర్చుని వచ్చేది. భర్త నరసయ్య వేటకు పోతాడు. ఆమె కాలేజీ పని అయ్యాక ఇంటికి పోయి వలలు అల్లుతుంది, చిరిగినవి బాగుచేస్తుంది. పాలెంలో సగం వలలు ఆమె చేతి మీదుగా పోయినవే. నా పరిశోధనకు ఆ పాలెమే కారణం. ఒడ్డు నుంచి పది కిలోమీటర్లు దాటాక పడవల్లో ఫోన్లు పనిచేయవు. తుఫాను వార్త చెప్పాలన్నా దారి లేదు. ఒడ్డున స్తంభం నాటితే గాలివానకు విరుగుతుంది, గొడుగులాంటి డిష్ పెడితే మొదటి గాలికే ఎగిరిపోతుంది. అక్కడ గట్టిగా నిలబడింది తుఫాను షెల్టరు ఒక్కటే. దానికి తూర్పు వైపంతా మెట్లూ కిటికీలూ. ఖాళీగా ఉన్న గోడ దక్షిణం చూస్తుంది, సముద్రమేమో తూర్పున ఉంది. గోడకు పలకలాంటి యాంటెనా బిగిస్తే అది గోడ చూసే వైపే చూస్తుంది. గోడను తిప్పలేం. పలక మీద రాసే బొమ్మతో మాటను, అంటే సిగ్నల్‌ను, తిప్పాలి. హోలోగ్రామ్ తీసే పద్ధతితో ఆ బొమ్మ రాయవచ్చని నేను పట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం ల్యాబులో నేల తుడుస్తూ, నా కంప్యూటర్ మీది వలయాలు చూసి నాగులమ్మ "ఏందమ్మా ఇది, నీళ్ళలో రాయేసినట్టు?" అని అడిగింది. నాకు చెప్పబుద్ధయింది. ఇంట్లో ఎవరూ అడగరు కదా. ఆమె బకెట్ నీళ్ళలోనే రెండు వేళ్ళు ముంచి ఆడించాను. "ఇది మన దగ్గరున్న అల. ఏ దిక్కూ లేకుండా గుండ్రంగా పాకిపోతుంది. ఇది మనకు కావలసిన అల. తిన్నగా సముద్రం మీదికి పోవాలి. రెండూ కలిసినచోట కొంత పొంగుతుంది, కొంత అణుగుతుంది. చూశావా? ఆ పొంగూ అణుగూ ఎక్కడెక్కడో లెక్కవేసి, రాగి ముక్కలతో పలక మీద రాసేస్తాం. పొంగినచోట పెద్ద ముక్క, అణిగినచోట చిన్నది. రాశాక రెండో అలతో పనిలేదు. మొదటిదాన్ని పలక మధ్యలోంచి వదిలితే, ఆ ముక్కల్ని తాకుతూ పోయి అదే రెండో అలగా లేస్తుంది" అన్నాను. నాగులమ్మ బకెట్లోకి చాలాసేపు చూసింది.

"పన్జేసేది మొదటిది. కనపడేది రెండోది. అంతేనా?"

"అంతే. ఆ మొదటిదాన్ని రిఫరెన్స్ వేవ్ అంటాం."

"పేరన్నా పెట్టినారు, నయం" అని నవ్వి, బకెట్ తీసుకుని పోయింది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పెంచలకృష్ణ బ్యాంకు పరీక్షలకు చదివిన మూడేళ్ళూ వేళకు టీలు పెట్టి, పుస్తకాలు సర్ది, చుట్టాలు వస్తే గుమ్మంలోనే ఆపి మాట్లాడి పంపించింది నేను. ఆయన ఆఫీసరయ్యాడు. కాబట్టి ఆ మొదటి అల నేనేనని తీర్మానించుకున్నాను. గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ ఆ పోలికను పదేపదే తలుచుకుని నా మీద నేనే జాలిపడేదాన్ని. దాన్ని నా కోసం దాచుకోవడంలో, ఆ మాట పుట్టించిన మనిషి ఎదురుగా చీపురు పట్టుకుని ఉందన్న సంగతి మర్చిపోయాను.

పలక ఫ్యాక్టరీలో అచ్చు వేయించే స్తోమత మా ప్రాజెక్టుకు లేదు. చేత్తోనే చేయాలి. పదకొండు సైజుల ముక్కలు, ఒక్కో సైజుకూ తేడా వెంట్రుకవాసి. నేను స్కేలు పెట్టి కత్తిరిస్తే పదిలో నాలుగు వంకర పోయేవి. నాగులమ్మ వల కన్నులు కొలుచుకునే చెక్కలాంటివి పదకొండు చేసుకుంది, పాత ప్లాస్టిక్ డబ్బా మూతలు కోసి. ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం కట్టింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కత్తిరించినా ముక్క తప్పలేదు. భోజనాల వేళ ల్యాబులో, రెండు ఆదివారాలు మా ఇంట్లో ఈ టేబుల్ మీద కూర్చుని ఆమె రెండువేల మూడువందల నాలుగు ముక్కలు కత్తిరించి, నా బొమ్మ చూసి పలక మీద అతికించింది. నేను నాలుగు ఇడ్లీలు పెట్టాను. దాన్ని మర్యాద అనుకున్నాను. మధ్యలో లేచి ఆమె మా అంట్లు కూడా తోమిపెట్టింది. "ఊరికే కూర్చోలేనులేమ్మా" అంటే సరేనన్నాను. "మంచి మనిషే ఆమె, ఈసారి కూడా ఆదివారమే రమ్మను" అంది మా అత్తగారు. ఇంటి చాకిరీ లెక్కలోకి రాదని కాలేజీ సెమినారులో కంఠం బిగించి మాట్లాడిన మనిషిని నేను. నాగులమ్మ చేసిందాన్ని ఏ లెక్కలో వేశానో ఎంత ఆలోచించినా తట్టడంలేదు.

నిధులిచ్చిన సంస్థ కమిటీ వచ్చి షెల్టరు దగ్గర పరీక్షించే రోజుకు ముందు సాయంత్రం పలక పూర్తయింది. వలయాలు ఒకవైపు వదులుగా, ఇంకోవైపు బిగుతుగా ఉంటాయి. వదులుగా ఉన్న వైపుకే మాట వంగుతుందని నాగులమ్మకు ముందే చెప్పి ఉన్నాను. ఆమె పలకను ల్యాబు గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఎదురుగా నిలబడి చూసింది. కుడిచెయ్యి చాపింది, ఎడమచెయ్యి చాపింది.

"అమ్మా, మా షెల్టరు గోడకు ఎదురుగా నిలబడితే సముద్రం నా కుడిచేతికి వస్తాది. ఈ వదులు కన్నులేమో ఎడంచేతికి ఉండాయి. అట్టయితే ఇది రొయ్యల గుంటల పక్కకు గదా చూస్తాది? తలకిందులు చేసి బిగిస్తే సరిపోద్దేమో, ఒకసారి చూడమ్మా."

నా ఫోను మోగుతోంది. కమిటీవాళ్ళకు బొకేలు చెప్పారా, మధ్యాహ్నం భోజనంలో చేపల పులుసు తప్పకుండా ఉండాలి, మీరయితే బాగా చూసుకుంటారు మేడం అని నరేంద్రబాబు గారు. ఇంకో ఫోను, గ్యాస్ అయిపోయిందని మా అత్తగారు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "లెక్క కంప్యూటర్ వేసింది నాగులమ్మా. నీకు చెప్పింది నువ్వు చెయ్యి" అన్నాను. విసుగ్గా అన్నాను. నన్ను ఇంట్లో ఎలా అంటారో సరిగ్గా అలాగే అన్నాను. ఆమె చేతులు దించింది. పలకకు పాత దుప్పటి చుట్టి, చీపురు తీసుకుని పోయింది.

మర్నాడు షెల్టరు దగ్గర పాలెం పాలెమంతా పోగైంది. నాగులమ్మ ఆ రోజు సెలవు పెట్టుకుని, పసుపుపచ్చ చీర కట్టుకుని, తోటి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. "ఆ మెరిసే గళ్ళు చూడండి, అవన్నీ నేను కోసినవే" అని చెబుతోంది. మా ల్యాబ్ టెక్నీషియన్ గిద్యోను రిసీవరు పట్టుకుని సుబ్బు అనే అతని పడవలో సముద్రం మీదికి వెళ్ళాడు. పలకకు కరెంటు ఇచ్చాం. పరీక్ష కోసం అద్దెకు తెచ్చిన వైర్‌లెస్ సెట్టులోంచి గిద్యోను గొంతు వచ్చింది. "ఏం రావడంలేదు మేడం." అరగంట తర్వాత కూడా అదే మాట. నిధులిచ్చిన సంస్థ నుంచి వచ్చిన ముగ్గురూ గడియారాలు చూసుకున్నారు. నరేంద్రబాబు గారు పలక దగ్గరికి పోయి ముక్కల్ని వేలితో తడిమి, అందరికీ వినపడేలా అడిగారు. "ఈ ముక్కలు ఎవరు అతికించారు?"

లెక్క నాది, బొమ్మ నాది, పలక ఇటు పైకి అని బాణం గుర్తు పెట్టింది నేను. ఆయన అవేమీ అడగలేదు. ముక్కలు ఎవరు అతికించారని మాత్రమే అడిగారు.

"నాగులమ్మ, సార్" అన్నాను.

"స్వీపరా?" అన్నారాయన. కమిటీలో ఒకాయన నవ్వాడు. "మేడం, మీరు మరీ మంచివారు. ఇలాంటి పని అలాంటివాళ్ళ చేతికి ఇస్తారా? ఒక్క గడి తప్పినా అంతా పోతుందని మీకు తెలీదా?" అన్నారు నరేంద్రబాబు గారు. నన్ను తిట్టినట్టే ఉంది, కానీ నన్ను ఒడ్డున పడేశారు. ముగ్గురూ తలలూపారు. లోపం తేలిపోయింది, ఇంకోసారి వస్తామన్నారు. ఆడవాళ్ళ గుంపు మెల్లగా నాగులమ్మ చుట్టూ నుంచి జరగడం నా కంటికొసకు కనిపించింది. నేను ఆమె వైపు చూడలేదు. నేలవైపు చూశాను. ఆ మరుసటి సోమవారం నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నాడు కాంట్రాక్టరు.

నేను అబద్ధం చెప్పలేదు. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట ఇదే. ముక్కలు అతికించింది నాగులమ్మే కదా. మా గృహప్రవేశం నాడు పాలు మరుగుతుండగానే బెల్లం వెయ్యమని మా అత్తగారు పక్కనే నిలబడి చెప్పింది. విరుగుతాయేమో అత్తమ్మా అన్నాను. "నాకు నేర్పొద్దు" అంది. వేశాను, విరిగాయి. పంక్తిలో నలభైమంది ముందు పెంచలకృష్ణ "పాయసం భాను చేసింది" అన్నాడు. అదీ నిజమే. నేనే చేశాను. ఆ నిజాన్ని ఎనిమిదేళ్ళుగా గుండెలో పుండులా మోస్తున్నాను. అలాంటి నిజం ఎంత లోతుగా కోస్తుందో తెలిసిన మనిషిని, దాన్నే చేతిలోకి తీసుకుని ఇంకొకరి మీద వాడాను. తెలియక చేసి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదు.

మూడు వారాల తర్వాత పలక విప్పి తెద్దామని షెల్టరుకు పోయాను. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే హజరత్తయ్య సైకిలు దిగి పలకరించాడు. "మేడమ్, ఆ పొద్దు మీరందరూ వచ్చినారే, అప్పుడు నా ఫోనులో మీ కాలేజీ పేరు నిండుగా కనపడతా ఉండె. నాలుగు గీతలూ ఉండె. ఇప్పుడు రావడంలేదేంది?" అన్నాడు. గోడ దగ్గరికి పోయి ఎదురుగా నిలబడ్డాను. కుడిచెయ్యి చాపాను. సముద్రం. ఎడమచెయ్యి చాపాను. రొయ్యల గుంటలు. లెక్క వేసిన రోజు నేను గోడకు వీపు పెట్టి బయటికి చూస్తున్నట్టు ఊహించుకున్నాను, సముద్రం ఎడమకు వచ్చింది. కాగితం మీదికి దాన్ని అలాగే దించేశాను. బొమ్మను చూసేవాళ్ళు గోడకు ఎదురుగా ఉంటారు. పలక చేసిన పనిలో ఒక్క తప్పూ లేదు. రెండువేల మూడువందల నాలుగు ముక్కలూ నేను చెప్పిన వైపుకే, నేను చెప్పినంత బాగా మాటను పంపాయి.

నాలుగు మరలు విప్పాను. పలకను తలకిందులు చేశాను. నాలుగు మరలు బిగించి కరెంటు ఇచ్చాను. పావుగంట పట్టిందేమో. ఆ సాయంత్రం సుబ్బు పడవలోంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, పదమూడు కిలోమీటర్ల అవతలి నుంచి. ఇసుకలో నిలబడి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. ఆ చప్పట్ల మధ్యలోనే నాగులమ్మ చాపిన రెండు చేతులూ గుర్తొచ్చాయి. చేతులు ఆగిపోయాయి. అప్పుడైనా చెప్పాలి కదా? మర్నాడు నరేంద్రబాబు గారు "అసెంబ్లీలో లోపం మీరు సరిచేశారన్నమాట. వెరీ గుడ్" అన్నారు. "అవును సార్" అన్నాను. అది మాత్రం అబద్ధమే. పేపరు అచ్చుకు ఒప్పుకున్నారు, స్టాఫ్ రూములో స్వీట్లు పంచారు. నా పేపరు చివర నరేంద్రబాబు గారికి, ప్రిన్సిపాలు గారికి, ఓపికతో సహకరించిన భర్తకూ కృతజ్ఞతలు రాశాను. ఇలా రెండున్నర నెలలు గడిచాయి. మంగళవారం కమిటీ మళ్ళీ వస్తోంది. ఇదయితే నా థీసిస్ కూడా దాటిపోతుంది. అందుకని ఆదివారం ఇల్లు శుభ్రం చేస్తున్నాను, అప్పుడు దొరికింది ఆ ముక్క.

చపాతీలు చేసి మూతపెట్టి, స్కూటీ తీసుకుని పాలెం పోయాను. నాగులమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి కింద వల ముందేసుకుని కూర్చుని ఉంది. ఒక్కటే వల. ఇదివరకు ఆ పందిరి నిండా వలలు వేలాడేవి. "కూర్చోమ్మా" అంది, చేతిలో సూది ఆపకుండా. బ్యాగులో పళ్ళూ చీరా పెట్టుకుని వచ్చాను. వాటిని బయటికి తీయడానికి మొహం చెల్లలేదు. రాగి ముక్క తీసి ఇచ్చాను. ఆమె దాన్ని బొటనవేలి గోరుకు ఆనించి చూసి, "ఎర్ర దారం సైజు. దీనికోసరం ఎంత ఎతికినాం ఆ పొద్దు" అంది. కాసేపు నవ్వుమొహం పెట్టి, మళ్ళీ తీసేసింది.

"నువ్వు చెప్పిందే నిజం నాగులమ్మా. బొమ్మ నేనే తిరగేసి గీశాను. తలకిందులు చేస్తే పనిచేసింది."

"తెలుసు. సుబ్బు చెప్పినాడు."

"తెలిసి కూడా నన్ను ఒక్క మాట అడగలేదేం?"

"నేనేంది అడిగేది? ఆ పొద్దు నువ్వు నాపక్క చూడనే లేదు. నేల చూసినావు. నేల చూసుకునేదాన్ని నేను గదమ్మా, నీకెందుకు నేల?" సూది దారం పంటితో తెంపింది. "పని పోయింది పోనీ. ఊడ్చే పని ఎవురికి లేదు? ఇందాక చూసినావే ఈ వల, ఇది మా ఆయనది. బయటోళ్ళు ఒక్కరు తేవడంలేదు. కాలేజీ మేడమే అందరిముందు చెప్పింది, నాగులమ్మ చెయ్యి కన్ను తప్పింది, పడవలకు సిగ్నలు రాకుండా చేసింది అంటాండారు. మా అమ్మ దగ్గర పదేళ్ళప్పుడు నేర్చుకున్నా. నలభై ఏళ్ళు. ఒక్కరు అనలేదమ్మా ఆ మాట."

ఏడుపొచ్చింది నాకు. "నన్ను క్షమించు" అన్నాను. ఆమె చూపు కొంచెం కూడా మెత్తబడలేదు. నేను అందుకు సిద్ధపడి రాలేదనీ, కళ్ళు తుడుస్తుందని ఎదురుచూశాననీ అప్పుడే తెలిసింది. ఆ పని కూడా ఆమె చేతే చేయించుకుందామని వచ్చాను.

"ఇంటికొచ్చి నాకు చెప్తే ఏమొస్తాది? నా పరువు నలుగుర్లో తీసినావు, నలుగుర్లోనే పెట్టు" అంది. అంతే. లేచి లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఇంటికొచ్చి పెంచలకృష్ణకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. టీవీ గొంతు తగ్గించి మొత్తం విన్నాడు. "పాపం, చేసిన తప్పే. కానీ ఇప్పుడెందుకు? థీసిస్ అయిపోనీ. ఆమెకు ఏదో ఒకటి చేద్దాం లే, పండక్కి చీర పెడదాం. నలుగుర్లో నీ తప్పు నువ్వే చెప్పుకుంటే రేపు నీ చేతికి ఇంకో ప్రాజెక్టు ఎవరిస్తారు? నీ మంచికే చెప్తా ఉండా" అన్నాడు. చీర సంగతి విని సిగ్గేసింది, అప్పటికే అది నా బ్యాగులో ఉంది. "నేను నిన్ను అడగడంలేదు, చెబుతున్నాను" అన్నాను. మా పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట నా నోటినుంచి రావడం అదే మొదటిసారి. వంటింట్లోంచి మా అత్తగారు, "ఆ పాలెమామె చేసిందేముంది, మంచి మనిషి. మన అంట్లు కూడా తోమింది" అంది. ఎవరి తరఫున అందో ఆమెకే తెలియాలి.

మంగళవారం ఎండ చురుక్కుమంటోంది. అదే గోడ, అదే ముగ్గురు. పాలెం ఆడవాళ్ళు పోయినసారంత మంది రాలేదు, పదిమంది ఉంటారేమో. నాగులమ్మ ఎక్కడా కనిపించలేదు. రావడం రాకపోవడం ఆమె ఇష్టం, నా మాట మాత్రం ఆమె చెవిన పడుతుంది, ఇక్కడి నుంచి ఆ పందిరికి ఎంత దూరమని. కరెంటు ఇచ్చిన రెండు నిమిషాలకే వైర్‌లెస్ సెట్టులో గిద్యోను అరిచాడు. "వచ్చింది మేడం! ఫుల్లుగా ఉంది!" కమిటీ పెద్దాయన పలక దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని ముక్కల్ని దగ్గరగా చూశాడు. "చాలా నీటుగా ఉందే. ఇవన్నీ చేత్తో అతికించినవా? ఎవరు అతికించారు?" అన్నాడు.

"మా మేడమే సార్, స్వయంగా" అన్నారు నరేంద్రబాబు గారు, నాకంటే ముందుగా. పోయినసారి ఈ ప్రశ్న అడిగింది ఆయనే. అప్పుడు జవాబు నాగులమ్మ. ఇప్పుడు జవాబు నేను. ఆయన నావైపు చూసి, నేను అందుకోవలసిన చోటు చూపిస్తున్నట్టు తలూపారు. థీసిస్ గుర్తొచ్చింది, ఆరేళ్ళు గుర్తొచ్చాయి, స్టాఫ్ రూములో పంచిన స్వీట్లు గుర్తొచ్చాయి. ఒక్క చిరునవ్వు నవ్వి ఊరుకుంటే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు.

"కాదు సార్. నాగులమ్మ" అన్నాను.

పోయినసారి ఇక్కడే ఆగిపోయాను. "మీకు వివరంగా తర్వాత చెబుతాను సార్, ముందు వీళ్ళకు చెప్పాలి" అని, పలకకు వీపు పెట్టి పాలెం ఆడవాళ్ళ వైపు తిరిగాను. గొంతు పెంచాను.

"ముక్కలన్నీ నాగులమ్మే కోసింది, ఆమే అతికించింది. బొమ్మ తిరగబడిందని ముందురోజే నాకు చెప్పింది, సరిచేసే దారి కూడా ఆమే చెప్పింది. నేను వినలేదు. ఆ రోజు ఈ గోడ దగ్గర ఆమె పేరు చెప్పి నేను తప్పించుకున్నాను. ఆమె చేతిలో కన్ను తప్పలేదమ్మా. తప్పింది నా లెక్క."